శాలువా కప్పిన మర్నాటి నుంచి: విద్యా కళాశాలలో కొత్త అధ్యాపకులను కలుపుకోవడం ఎలా?

కొత్త అధ్యాపకులు చేరితే శాలువా కప్పుతాం, పూలగుత్తి ఇస్తాం, ఫొటో దిగుతాం. మర్నాడు ఆ మనిషి తన కుర్చీ ఎక్కడో, బీఈడీ రికార్డులు ఎవరి దగ్గర ఉంటాయో, బీఈడీ విద్యార్థులు పాఠాలు చెప్పి నేర్చుకునే ఇంటర్న్‌షిప్ బడుల జాబితా ఎవరు వేస్తారో తెలియక వరండాలో నిలబడితే ఆ శాలువాకు విలువేముంది? స్వాగతం అసలు మొదలయ్యేది ఆ మర్నాడే. మొదటి ఏడాది పొడవునా సాగాల్సిన పని అది.

టీచర్లను తయారుచేసే విద్యా కళాశాలకు ఈ విషయంలో బాధ్యత ఇంకా ఎక్కువ. 1976లో కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడ్డాక ఉత్తర తెలంగాణలో ఎన్నో తరాల టీచర్లు ఇక్కడి పట్టాతోనే బడుల్లో అడుగుపెట్టారు. మన దగ్గర చదివే ఛాత్రోపాధ్యాయులు రేపు ఏదో ఒక బడిలో కొత్త టీచరుగా చేరతారు. ఇంకొన్నేళ్లకు తమ బడికి వచ్చే కొత్తవారిని వాళ్లే చేర్చుకోవాలి. అది ఎలా చేయాలో ఏ పేపరులోనూ లేదు. మనల్ని చూసే నేర్చుకుంటారు.

ప్రిన్సిపాళ్లు, విభాగాధిపతులు, సీనియర్ అధ్యాపకులు ఆచరించడానికి వీలుగా ఈ క్రమాన్ని రాస్తున్నాను. హనుమకొండ, వరంగల్ పరిస్థితులు దృష్టిలో పెట్టుకున్నా, కరీంనగర్, ఆదిలాబాద్, ఖమ్మం వైపు కళాశాలలకూ చాలావరకు వర్తిస్తుంది.

మొదటి అడుగు: ఉత్తర్వు అందిన రోజే ఫోను చేయండి

నియామక ఉత్తర్వు చేతికి రావడానికీ, చేరడానికీ మధ్య ఉండే రోజులే కొత్తవారికి అన్నిటికన్నా ఆందోళన. ఈ ఫోను ఆఫీసు గుమాస్తా చేయడం కన్నా విభాగంలో ఒక అధ్యాపకుడు చేయడం మంచిది. మాట ఇలా ఉంటే చాలు: "మేడం, నమస్కారం. హనుమకొండ నుంచి విద్యా కళాశాల తరఫున మాట్లాడుతున్నాను. మీ ఆర్డరు కాపీ మాకు అందింది. ఏ రోజు చేరదామనుకుంటున్నారు? ఏ బండికి వస్తున్నారు?"

తర్వాత తీసుకురావాల్సిన కాగితాల జాబితా పంపాలి: ఒరిజినల్ సర్టిఫికెట్లు, వాటి నకళ్లు, వైద్య ధ్రువపత్రం, పాత ఉద్యోగం ఉంటే రిలీవింగ్ ఆర్డరు, ఎల్‌పీసీ (చివరి జీతం ధ్రువపత్రం), సర్వీసు రిజిస్టరు, ముందే ఉంటే ప్రాన్ నంబరు (పింఛను ఖాతా సంఖ్య), బ్యాంకు ఖాతా వివరాలు, ఫొటోలు. ఒరిజినల్స్ సరిచూసి అదే రోజు తిరిగి ఇచ్చేస్తామని ముందే చెప్పండి, అన్నట్టే ఇచ్చేయండి. కళాశాల బీరువాలో ఇంకొకరి పట్టాలు ఉంచుకునే హక్కు ఎవరికీ లేదు.

ఊరు తెలియనివారికి దారి చెప్పాలి. ఢిల్లీ–చెన్నై మార్గంలో వెళ్లే చాలా బండ్లు వరంగల్ స్టేషన్‌లోనే ఆగుతాయి. హైదరాబాద్ వైపు నుంచి వచ్చేవారు కాజీపేటలో దిగితే హనుమకొండ దగ్గర. ఈ ఒక్క మాట చెప్పకపోతే సామానుతో మూడు ఊళ్లూ తిరగాల్సి వస్తుంది. అద్దె ఇంటి విషయంలోనూ అంతే. విశ్వవిద్యాలయ ప్రాంగణానికి నయీంనగర్, గోపాలపూర్, భీమారం దగ్గర. అయితే 2020లోనూ 2023లోనూ కురిసిన భారీ వర్షాలకు నగరంలో పల్లపు కాలనీలు నీట మునిగాయి. ఎండాకాలంలో ఇల్లు చూసుకునేవారికి ఆ సంగతి కనిపించదు. నాలాకు దగ్గరగా ఉన్న వీధి ఏదో, మెరక మీద ఉన్న వీధి ఏదో చెప్పగలిగేది ఇక్కడి మనుషులే.

రెండో అడుగు: చేరే రోజు

జాయినింగ్ రిపోర్టు మీద పూర్వాహ్నమా, అపరాహ్నమా అన్నది స్పష్టంగా రాయించండి. ఆ రోజు జీతం, ఒకే రోజు పలువురు చేరితే తలెత్తే సందేహాలు దాని మీదే ఆధారపడతాయి. కొత్తవారిని ఒక్కరినే ఆఫీసు నుంచి రిజిస్ట్రార్ కార్యాలయానికీ, అక్కడి నుంచి అకౌంట్స్ విభాగానికీ పంపకండి. వెంట ఒకరు వెళ్లాలి. అక్కడి ఉద్యోగులకు "మా కొత్త సార్" అని ఒకరు పరిచయం చేసి పంపితే ఆ ఫైలు నడక వేరుగా ఉంటుంది.

2004 సెప్టెంబరు 1న గానీ ఆ తర్వాత గానీ ప్రభుత్వ సర్వీసులో చేరినవారు సీపీఎస్ (వాటా చెల్లింపు పింఛను పథకం) పరిధిలోకి వస్తారు కాబట్టి ప్రాన్ నంబరు దరఖాస్తు మొదటి వారంలోనే పూర్తిచేయించాలి. మొదటి జీతం ఆలస్యమయ్యే అవకాశం ఉంటే మొహమాటపడకుండా ముందే చెప్పండి. అద్దె అడ్వాన్సు కట్టి, పిల్లల ఫీజు కట్టి వచ్చిన మనిషికి ఆ సమాచారం ఎంతో అవసరం.

గది, బల్ల, బీరువా తాళంచెవి, పేరు తప్పు లేకుండా రాసిన బోర్డు ముందు రోజే సిద్ధంగా ఉండాలి. గదులు తక్కువగా ఉంటే ఎవరితో పంచుకోవాలో వారితో మాట్లాడి ఒప్పించి ఉంచాలి. బహుమతి ఇవ్వాలనుకుంటే జనగామ దగ్గరి పెంబర్తి ఇత్తడి పని, చేర్యాల బొమ్మ, వరంగల్ తివాచీ మన దగ్గరే ఉన్నాయి. గదిని అలంకరించడమే కాక ప్రాంతాన్నీ పరిచయం చేస్తాయి.

మూడో అడుగు: పరిచయాలు, వాటిలోని మర్యాద

పరిచయాలు ప్రొఫెసర్ల దగ్గర మొదలై ప్రొఫెసర్ల దగ్గరే ఆగిపోకూడదు. గ్రంథాలయ సిబ్బంది, ఆఫీసు సూపరింటెండెంటు, అటెండర్లు, ప్రయోగశాల సహాయకులు, హాస్టలు సిబ్బంది, వీరందరితోనూ పేరుపేరునా పరిచయం చేయించాలి.

ఇక్కడ ఒక సున్నితమైన విషయం ఉంది. తెలంగాణ విశ్వవిద్యాలయాల్లో చాలా ఏళ్లుగా రెగ్యులర్ నియామకాలు సరిగా జరగక కాంట్రాక్టు, పార్ట్ టైం అధ్యాపకులే విభాగాలను నిలబెట్టారు. కొత్తగా రెగ్యులర్ పోస్టులో ఒకరు వచ్చినప్పుడు వారి మనసులో కలుక్కుమనడం సహజం. తమ పని గంటలు పోతాయేమోనన్న భయం కూడా ఉంటుంది. కొత్తవారు వచ్చే ముందే వారితో కూర్చుని, టైంటేబుల్‌లో ఏం మారుతుందో, ఏం మారదో నిజం చెప్పాలి. పరిచయం చేసేటప్పుడు వారి అనుభవాన్ని ముందు పెట్టాలి: "సార్ ఇక్కడ భౌతికశాస్త్ర బోధన పద్ధతులు చెబుతున్నారు. ఇంటర్న్‌షిప్ బడుల గురించి ఏది కావాలన్నా సార్‌ని అడగండి, మండలాలవారీగా తెలుసు." ఈ రెండు వాక్యాలతో అనుభవజ్ఞుడి స్థానమేమిటో కొత్తవారికి తెలుస్తుంది. ఆయనకూ ఆ గదిలో తన విలువ తగ్గలేదన్న ధీమా కలుగుతుంది.

"మీదే ఊరు?" అని అడగడం మన దగ్గర ఆప్యాయత. దాని వెనకే "మీరు ఏమిటోళ్లు?" అని కులం ఆరా తీయడం, ఎవరి సిఫారసుతో వచ్చారని కూపీ లాగడం మాత్రం అవమానం. టీచర్లను తయారుచేసే చోట ఇది అసలే పనికిరాదు. విభాగాధిపతి ఎదుటే ఎవరైనా అడిగితే, విభాగాధిపతే మాట మళ్లించాలి. తర్వాత ఆ అడిగినవారితో విడిగా మాట్లాడాలి.

నాలుగో అడుగు: నియమాల పటం చేతిలో పెట్టండి

ఎంత చదువుకుని వచ్చినా, బీఈడీ కళాశాల ఏ లెక్కల మీద నడుస్తుందో కొత్తవారికి తెలియకపోవచ్చు. జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి 2014 నిబంధనల సారాన్ని ఒక పేజీలో రాసి ఇవ్వండి. రెండేళ్ల బీఈడీలో ఒక యూనిట్ అంటే 50 మంది. రెండు యూనిట్లకు, అంటే 100 మందికి, 16 మంది పూర్తికాల బోధన సిబ్బంది ఉండాలి: ప్రిన్సిపాల్ ఒకరు, విద్యా దృక్పథాల పేపర్లకు నలుగురు, బోధన పద్ధతులకు ఎనిమిది మంది, వ్యాయామ విద్యకు, లలిత కళలకు, ప్రదర్శన కళలకు ఒక్కొక్కరు. ఏడాదికి కనీసం 200 పని దినాలు, వారానికి కనీసం 36 గంటలు. హాజరు తరగతులకు 80 శాతం, ఇంటర్న్‌షిప్‌కు 90 శాతం. బడిలో గడిపే కాలం మొత్తం 20 వారాలు. మొదటి ఏడాది 4, రెండో ఏడాది 16.

ఈ పటంలో "మీరు ఇక్కడ" అని కొత్తవారి చోటు చూపించండి. ఉపాధ్యాయ విద్యలో మార్పులు వేగంగా వస్తున్నాయి. డిగ్రీ, బీఈడీ కలిపి చదివే నాలుగేళ్ల సమీకృత కోర్సు మన ఊళ్లోనే ఎన్ఐటీలో నడుస్తోంది. కాబట్టి ఈ పేజీని ఏటా కొత్త ఉత్తర్వులతో సరిపోల్చి తిరగరాయాలి.

టైంటేబుల్ గురించి నా అభిప్రాయం గట్టిది. విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) 2018 నిబంధనల ప్రకారం అసిస్టెంట్ ప్రొఫెసర్‌కు వారానికి 16 గంటల ప్రత్యక్ష బోధన. ఆ గంటలు నింపడానికి ఎవరూ వద్దన్న పేపర్లన్నీ కొత్తవారి నెత్తిన రుద్దడం మనకు అలవాటైపోయింది. ఒకే మనిషికి సమకాలీన భారతదేశం–విద్య, ఐసీటీ (కంప్యూటర్ సాయంతో బోధన), గణిత బోధన, నాటకం–కళలు ఇచ్చేస్తే ఏ ఒక్కటీ లోతుగా చెప్పలేరు. మొదటి సెమిస్టరులో కొత్తగా తయారుకావాల్సిన పేపర్లు రెండుకు మించకుండా చూడండి. మిగిలిన గంటలు సీనియర్‌తో కలిసి చేసే ప్రాక్టికల్స్‌కు కేటాయించండి.

ఐదో అడుగు: వచ్చినవారు ఏ దారిన వచ్చారో చూసి సాయం చేయండి

విద్యా కళాశాలకు వచ్చే కొత్త అధ్యాపకులు ప్రధానంగా రెండు రకాలు. అన్ని విభాగాలకూ కలిపి నడిపే సాధారణ ఓరియెంటేషన్‌లో ఈ తేడా కనిపించదు. అందుకే మనమే చూసుకోవాలి.

ఒకరు బడి నుంచి వస్తారు. స్కూల్ అసిస్టెంటుగానో, గురుకులంలో పీజీటీ (పోస్ట్ గ్రాడ్యుయేట్ టీచరు)గానో ఏళ్లపాటు పనిచేసి, ఆ మధ్యలో పీహెచ్‌డీ పూర్తిచేసి, ఇక్కడ చేరతారు. నలభై మంది పిల్లలను ఎలా కూర్చోబెట్టాలో వారికి ఎవరూ చెప్పనక్కరలేదు. కానీ పెద్దవాళ్లకు పాఠం చెప్పడం, పరిశోధన పత్రం రాయడం, ఎంఈడీ సిద్ధాంత వ్యాసాలకు మార్గదర్శనం చేయడం కొత్త. వారిని ఒక పరిశోధన బృందంలో చేర్చండి. మరో మాట: "బడి నుంచి వచ్చారు" అన్న మాటను తక్కువ చేసి పలికే అలవాటు కొన్ని విభాగాల్లో ఉంది. విద్యా కళాశాలకు బడి అనుభవం కన్నా పెద్ద అర్హత ఏముంటుంది?

ఇంకొకరు పరిశోధన నుంచి నేరుగా వస్తారు. సిద్ధాంతాలు, గణాంకాలు వేళ్ల మీద ఉంటాయి. కానీ బడిలో పాఠం చెప్పింది తమ బీఈడీ రోజుల్లోనే. వీరిని చేరిన వారంలోనే ఇరవై మంది ఛాత్రోపాధ్యాయుల పాఠాలు పరిశీలించమని ఒంటరిగా పంపడం అన్యాయం. పరిశీలించే ముందు వారే ఒక ఉన్నత పాఠశాలలో నాలుగైదు పాఠాలు చెప్పే ఏర్పాటు చేయండి. ఎనిమిదో తరగతి పిల్లల ముందు తాము చెప్పాక, ఛాత్రోపాధ్యాయుల తడబాటును చూసే చూపే మారుతుంది.

ఇద్దరికీ అవసరమైనది ఒకటుంది, పరిశీలన పుస్తకంలో ఏం రాయాలన్నది. సూక్ష్మబోధన నుంచి, అంటే ఒక్కో బోధన నైపుణ్యాన్ని చిన్న పాఠంతో సాధన చేయించడం నుంచి మొదలుపెట్టండి. మన దగ్గర వాడే పద్ధతిలో ఒక వలయం 36 నిమిషాలు: బోధన 6, సమీక్ష 6, పునఃప్రణాళిక 12, పునర్బోధన 6, పునఃసమీక్ష 6. మొదటిసారి సీనియర్, కొత్తవారు పక్కపక్కన కూర్చుని ఒకే పాఠాన్ని చూడాలి. ఒకరు రాసింది ఇంకొకరికి కనిపించకుండా రాసి, తర్వాత పోల్చుకోవాలి. ఉదాహరణకు భిన్నాల పాఠం. "మూడు బై నాలుగు పెద్దదా, రెండు బై మూడు పెద్దదా?" అని ఛాత్రోపాధ్యాయిని అడిగి, రెండు క్షణాలు ఆగి, తానే జవాబు చెప్పేసింది. ఒక పుస్తకంలో "ప్రశ్నలు బాగున్నాయి, ఇంకా మెరుగుపరచుకోవాలి" అని ఉంటుంది. ఇంకో పుస్తకంలో "ప్రశ్న వేశాక లోపల ఐదు వరకు లెక్కపెట్టండి. మూడో వరుసలో ఒక పిల్లవాడు చేయి సగం ఎత్తి దించేశాడు. ఆ జవాబు తప్పయినా మీకు పనికొచ్చేది" అని ఉంటుంది. మొదటి వ్యాఖ్య ఏ పాఠానికైనా అతుకుతుంది. రెండోది చదివిన ఛాత్రోపాధ్యాయిని రేపటి పాఠంలో ఒక పని మార్చుకోగలదు. ఇలా పక్కన కూర్చుని పోల్చుకునే పని నాలుగైదు పాఠాలకు చేస్తే, వంద పేజీల పరిశీలన మార్గదర్శకాలు ఇవ్వనిది వచ్చేస్తుంది. సీనియర్లకూ ఇందులో లాభం ఉంది. ఏళ్ల తరబడి ఒకే వ్యాఖ్య రాస్తున్నామేమో అప్పుడే తెలుస్తుంది.

ఆరో అడుగు: ఇంటర్న్‌షిప్ బడికి వెంటబెట్టుకుని వెళ్లండి

కొత్త అధ్యాపకుడికి కళాశాల ఎంత ముఖ్యమో, ఇంటర్న్‌షిప్ బడులూ అంతే ముఖ్యం. బడుల కేటాయింపు ఉత్తర్వు చేతిలో పెట్టి పంపకండి. మొదటిసారి సీనియర్ వెంట వెళ్లాలి.

బడి గేటు లోపల మర్యాదలు ఉన్నాయి. జిల్లా విద్యాశాఖాధికారి అనుమతి పత్రం దగ్గర ఉన్నా, ముందు ప్రధానోపాధ్యాయులను కలిసి, వారు కూర్చోమన్నాకే మాట మొదలుపెట్టాలి. ఎఫ్ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం), ఎస్ఏ (సంగ్రహణాత్మక మూల్యాంకనం) పరీక్షలు ఎప్పుడు, పదో తరగతి ప్రత్యేక తరగతులు ఎప్పుడు, సిలబస్ ఎంతవరకు వచ్చింది అని అడిగి, దాన్ని బట్టి పాఠాల కేటాయింపు అడగాలి. సబ్జెక్టు టీచరును విడిగా కలవాలి. తన తరగతిని నెలల తరబడి ఇంకొకరి చేతుల్లో పెడుతున్న టీచరుకు బెంగ ఉంటుంది. "మీ యూనిట్ ఎక్కడ ఆగిందో అక్కడి నుంచే మా పిల్లలు మొదలుపెడతారు, మీరు వెనకే ఉండి చూడండి" అని ఆ టీచరుకు చెప్పడం కొత్త అధ్యాపకులు వినాలి.

క్యాలెండరు వేసేటప్పుడు ఈ ప్రాంతం తెలిసి ఉండాలి. బతుకమ్మ, దసరా సెలవుల సంగతి అందరికీ తెలుసు. రెండేళ్లకోసారి వచ్చే మేడారం జాతర సంగతి బయటినుంచి వచ్చినవారికి తెలియకపోవచ్చు. 2024లో ఫిబ్రవరిలో జరిగింది, 2026లో జనవరి చివర్లో. ఆ రోజుల్లో ములుగు దారిలో బస్సులన్నీ జాతరవైపే నడుస్తాయి, చుట్టుపక్కల బడుల్లో పాఠాలు సాగడం కష్టం. ఆ వారంలో తుది పాఠాల పరీక్ష పెట్టుకుంటే ఎవరి కష్టమూ ఫలించదు.

ఇంకా పెద్ద సంగతి భాష. మహబూబాబాద్ తండాల పిల్లలు ఇంట్లో లంబాడీ మాట్లాడతారు. ములుగు, ఏటూరునాగారం గూడేల్లో కోయ, ఆదిలాబాద్, ఆసిఫాబాద్ వైపు గోండి. ప్రభుత్వ బడుల్లో 2022–23 నుంచి దశలవారీగా ఇంగ్లీషు మీడియం వచ్చాక, ఒక పక్క తెలుగు, ఎదుటి పక్క ఇంగ్లీషు ఉన్న పాఠ్యపుస్తకాలు పిల్లల చేతుల్లో ఉన్నాయి. అంటే ఒక తండా పిల్లకు ఆ పుస్తకంలో రెండు పక్కలా ఉన్నది ఇంటి భాష కాదు. కొత్త అధ్యాపకులు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో పీహెచ్‌డీ చేసి వచ్చినా, ఈ ప్రాంతంవారే అయినా, అలాంటి తరగతిలో వెనక బెంచీ మీద ఒక పూటంతా కూర్చోవాలి. పిల్లలు తమలో తాము ఏ భాషలో గుసగుసలాడుతున్నారో, టీచరుకు ఏ భాషలో బదులిస్తున్నారో, పలక మీద ఏ లిపిలో రాస్తున్నారో గమనించి రాసుకోవాలి. బహుభాషా తరగతి గది గురించి వారు చెప్పబోయే పాఠానికి దీనికన్నా మంచి ఆధారం దొరకదు.

వెళ్లిన దారిలో పాలంపేట వస్తే రామప్ప గుడి దగ్గర ఆగండి. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు పొందిన ఆ గుడిలో ఇసుక పునాది, శిఖరానికి వాడిన నీటిలో తేలే తేలిక ఇటుకలు ఉన్నాయి. సాంద్రత పాఠం చెప్పే భౌతికశాస్త్ర పద్ధతుల అధ్యాపకులకూ, 1213 నాటి శాసనాన్ని చూపించే సాంఘికశాస్త్రం వారికీ అక్కడ ఒక పూట పనుంది.

ఏడో అడుగు: తోడుగా ఒకరు

ప్రతి కొత్త అధ్యాపకుడికీ మొదటి ఏడాది తోడుగా ఒక సహోద్యోగిని నియమించండి. ఆ తోడు విభాగాధిపతి కాకూడదు. పనితీరు నివేదిక రాసేవారి దగ్గర "నాకు ఇది తెలియదు" అని ఎవరూ అనరు. ప్రొబేషన్ కనీసం ఏడాది, పనితీరు తృప్తికరంగా లేకపోతే ఇంకో ఏడాది వరకు పొడిగించవచ్చని యూజీసీ నిబంధన చెబుతోంది. ఆ నీడలో ఉన్న మనిషికి భయం లేకుండా అడిగే చోటు కావాలి. తోడు ఉండేవారికి ఆ పనికి టైంటేబుల్‌లో వారానికి ఒక గంట చూపించాలి. లేకపోతే అది రెండో వారానికే ఆగిపోతుంది.

పదోన్నతికి పనికొచ్చే నెల రోజుల ఇండక్షన్ శిక్షణ, పూర్వం మానవ వనరుల అభివృద్ధి కేంద్రాలుగా ఉండి 2023లో మాలవీయ మిషన్ పేరు తెచ్చుకున్న కేంద్రాల్లో జరుగుతుంది. దానికి మొదటి ఏడాదిలోనే పంపండి. ఇంటర్న్‌షిప్ నడిచే వారాల్లో మాత్రం కాదు.

ఎనిమిదో అడుగు: అడగడానికి సంకోచించేవి మీరే చెప్పండి

మరుగుదొడ్డి ఎక్కడ, మహిళల విశ్రాంతి గది ఉందా, సాయంత్రం తరగతులయ్యాక హనుమకొండ బస్టాండుకు బస్సు ఎప్పటివరకు దొరుకుతుంది? మొదటి రోజే చెప్పాల్సిన మాటలివి. పనిచేసే చోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం ఏర్పడిన అంతర్గత కమిటీ సభ్యుల పేర్లు, ఫోను నంబర్లు రాసిన కాగితం పురుషులకూ స్త్రీలకూ ఇవ్వాలి. చక్రాల కుర్చీ వాడేవారు, చూపు లేనివారు చేరితే వారి తరగతులు కింది అంతస్తుకు మార్చడం, చదివే సాఫ్ట్‌వేర్ ఉన్న కంప్యూటర్ ఇవ్వడం వారు అర్జీ పెట్టకముందే జరగాలి. విద్యా సంవత్సరం మధ్యలో పిల్లలను బడి మార్చాల్సి వస్తే, దగ్గరి బడుల్లో తెలిసినవారితో మాట్లాడిపెట్టండి.

తొమ్మిదో అడుగు: సెమిస్టరు చివర కూర్చుని అడగండి

విభాగాధిపతి గదిలో వద్దు, గ్రంథాలయంలోనో క్యాంటీన్‌లోనో కూర్చుని నాలుగు ప్రశ్నలు వేయండి. మొదటి వారంలో ఏది తెలియక ఇబ్బందిపడ్డారు? ఏ పని మీ చేతికి ఆలస్యంగా వచ్చింది? ఏ పేపరు చెప్పడం మీకు ఇష్టం? వచ్చే సెమిస్టరు ఏది మార్చమంటారు? జవాబులు రాసుకోండి. వాటిలో కనీసం ఒక్కటైనా వచ్చే సెమిస్టరు టైంటేబుల్‌లోనో బడుల జాబితాలోనో కనిపించాలి. ఏదీ మారకపోతే రెండోసారి ఎవరూ నిజం చెప్పరు.

ఈ జవాబులు, కాగితాల జాబితా, నియమాల పేజీ, బడుల వివరాలు, ప్రధానోపాధ్యాయుల నంబర్లు అన్నీ ఒక ఫైలులో పెట్టండి. దాన్ని సరిదిద్ది ఉంచే బాధ్యత కిందటి ఏడాది చేరినవారికే ఇవ్వండి. ఎక్కడ తడుముకున్నారో వారికి ఇంకా గుర్తుంటుంది. తర్వాత చేరబోయేవారికి మొదటి ఫోను కూడా వారే చేయాలి.